ఒమన్ ఎడారి, కోటలు, వాగులు: పిల్లలతో, పెద్దవాళ్లతో వారం యాత్ర ఎలా వేసుకోవాలి?

వెన్నెలదారి

అందరికీ నమస్కారం. మా కుటుంబం ఒమన్ చూడాలని చాలాకాలంగా అనుకుంటోంది. మేమిద్దరం, ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మా అత్తయ్యగారు, మామయ్యగారు కలిసి బయలుదేరతాం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మామయ్యగారు ఇన్సులిన్ తీసుకుంటారు. చూడాలనుకున్న చోట్ల జాబితా రాసుకుంటే చాంతాడంత అయింది: మస్కట్‌లోని పెద్ద మసీదు, ముత్రా బజారు, నిజ్వా కోట, ఇసుక ఎడారి, జబల్ అఖ్దర్ కొండ, వాదీ షాబ్ అనే వాగు, తాబేళ్ల తీరం. ఇవన్నీ ఒక వారంలో చూడగలమా అన్నది మొదటి సందేహం. పిల్లల వేసవి సెలవుల్లో వెళ్లాలా, లేక డిసెంబరు సెలవుల దాకా ఆగాలా అన్నది రెండోది. వేసవిలో గదుల అద్దెలు బాగా తక్కువగా కనిపిస్తున్నందువల్ల మావారు అటు మొగ్గుతున్నారు. అక్కడ ఉన్నవారు, వెళ్లివచ్చినవారు వివరంగా చెప్పగలరని మనవి.

మస్కటువాసి

వెన్నెలదారి గారూ, అద్దె తక్కువగా ఎందుకుందో ముందు చూడండి. మే నుంచి ఆగస్టు వరకు ఇక్కడ పగటి ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటడం మామూలు విషయం. తీరప్రాంతంలో దానికి సముద్రపు తేమ తోడవుతుంది కాబట్టి చీకటి పడినా ఉపశమనం దొరకదు. 2018 జూన్‌లో, మస్కట్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖురయ్యాత్ అనే తీరపట్నంలో 24 గంటల పాటు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. అంటే ఆ రాత్రి అక్కడి అతి చల్లని ఘడియ కూడా చాలా ఊళ్లలో మిట్టమధ్యాహ్నంతో సమానం. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట కూలీపని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒళ్లు కాయకాచిన పనివాళ్లనే ఆపించే ఎండలో ఆరేళ్ల పాపను కోట మెట్లు ఎక్కించడం తగదని నా గట్టి అభిప్రాయం.

డిసెంబరు, జనవరి నెలల్లో మస్కట్‌లో పగలు ఇరవై ఐదు డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, రాత్రి ఇరవైకి కాస్త దిగువకు వస్తుంది. ఆ నెలల్లో పొద్దు చిన్నదన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరలోపే సూర్యుడు గుంకిపోతాడు. జాబితా ఎంత పొడవుగా ఉన్నా వెలుతురు ఉండేది పదకొండు గంటల లోపే.

ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటూ వచ్చిపోయే బంధువులను తిప్పిచూపిస్తున్నవాడిగా నేను ఒక్క విషయం మాత్రం నొక్కి చెబుతాను. ఎడారి దేశంలో యాత్రను ఊళ్లను బట్టి కాదు, గంటలను బట్టి వేసుకోవాలి. తెల్లవారినప్పటి నుంచి పదకొండింటి వరకు ఒక్కటంటే ఒక్క ముఖ్యమైన చోటు, మధ్యాహ్నం నీడపట్టున భోజనం, విశ్రాంతి లేదా చల్లని కారులో ప్రయాణం, నాలుగు తర్వాత రెండో చోటు. ఈ దేశస్థులు తరతరాలుగా బతుకుతున్న పద్ధతి ఇదే. ముత్రా బజారులో చాలా దుకాణాలు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూసి, మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. ఆ వేళలకు ఎదురీదితే మూసిన తలుపులే కనిపిస్తాయి.

కోటబురుజు

మస్కటువాసి గారి మాటను పూర్తిగా సమర్థిస్తూ మరొక కోణం చేర్చాలనుకుంటున్నాను. ఒమన్‌లో చూడదగిన కట్టడాలలో సగానికి పైగా ఎండను జయించడానికో, నీటిని దాచుకోవడానికో, శత్రువును ఆపడానికో కట్టినవే. ఆ దృష్టితో చూపిస్తే పిల్లలకు కోట అంటే ఇంకో రాతిగోడ అనిపించదు.

నిజ్వా కోటనే తీసుకోండి. 1650ల ప్రాంతంలో దేశాన్ని ఏలిన యారుబీ వంశపు ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ దీన్ని కట్టించాడు, పూర్తికావడానికి పన్నెండేళ్లు పట్టిందని చెబుతారు. భారీ గుండ్రని బురుజు దీని ప్రాణం. ఫిరంగి గుండు తగిలినా చెక్కుచెదరకుండా బురుజు అడుగుభాగాన్ని మట్టితో, రాళ్లతో నింపేశారు. పైకి వెళ్లే మెట్లదారి ఇరుకుగా ఉండి మలుపులు తిరుగుతుంది. ఒక్కొక్క తలుపు దగ్గర తలెత్తి చూస్తే పైకప్పులో చీలికలాంటి రంధ్రం కనిపిస్తుంది. తలుపు బద్దలుకొట్టడానికి వచ్చినవారి మీద మరుగుతున్న ఖర్జూరపు పాకం పోయడానికి పెట్టిన రంధ్రం అది. ఆ పాకం ఎలా వచ్చేదో కూడా అక్కడే చూడవచ్చు. ఖర్జూరాలు నిలవచేసే గదిలో నేల నున్నగా కాకుండా వరుస కాలువలతో ఉంటుంది. బస్తాలను ఒకదానిమీద ఒకటి పేర్చితే పైబరువుకు కింది పండ్లు నలిగి, పాకం ఆ కాలువల గుండా జారి కుండలోకి చేరేది. పిల్లలను వంగి ఆ కాలువలో వేలుపెట్టి చూడమనండి. ఇంటి తిండీ కోట ఆయుధమూ ఒకే గదిలో తయారయ్యాయన్న సంగతి వాళ్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

అదే ప్రాంతంలో ఉన్న జబ్రీన్ కోట యుద్ధానికి కన్నా నివాసానికి, చదువుకు పేరుపడినది. పదిహేడో శతాబ్దపు చివరి భాగంలో ఇమాం బలరబ్ బిన్ సుల్తాన్ కట్టించాడు. దాని చెక్క పైకప్పుల మీది రంగుల చిత్రకళను చూడాలంటే మెడ నొప్పిపుట్టే దాకా పైకే చూడాల్సివస్తుంది. ఒక్క కోటకే సమయం ఉంటే నిజ్వా, రెండింటికి ఉంటే జబ్రీన్ కూడా చూడండి. బహ్లా కోట 1987లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, చాలా పెద్దది, మట్టి ఇటుకల కట్టడంగా అపురూపమైనదే. కాని లోపల నడక ఎక్కువ కాబట్టి మీ అత్తయ్యగారిని దృష్టిలో పెట్టుకొని దాన్ని రోడ్డుమీద నుంచి చూసి ముందుకు సాగిపొమ్మంటాను.

నిజ్వా మెట్ల విషయంలోనూ అత్తయ్యగారికి ఇబ్బంది ఉంటుంది. కోటలోని కింది గదులు చూసి ఆమె నీడలో కూర్చోవచ్చు. బురుజు పైకి ఎక్కడానికి మాత్రం మోకాళ్లు సహకరించాలి.

వేసవిపక్షి

వేసవి అంటే ఒమన్ మొత్తానికీ నిప్పులకొలిమి అన్నట్టు రాయడం నాకు సబబుగా తోచలేదు. దక్షిణాన ధోఫార్ ప్రాంతంలోని సలాలాకు జూన్ మూడోవారం నుంచి సెప్టెంబరు మూడోవారం వరకు అరేబియా సముద్రపు రుతుపవనం తాకుతుంది. ఆ కాలాన్ని అక్కడ ఖరీఫ్ అంటారు. కొండలన్నీ పచ్చబడి, మంచుతెర కమ్ముకొని, తుంపర పడుతూ ఉంటుంది. మస్కట్ మలమల మాడుతున్న రోజుల్లో అక్కడ పగటివేళ కూడా ఇరవై అయిదు, ఇరవై ఏడు డిగ్రీల దగ్గరే ఉంటుంది. గల్ఫ్ దేశాల కుటుంబాలు ఎండ తప్పించుకోవడానికి అక్కడికే తరలివస్తాయి. లుబాన్ ధూపపు చెట్లు సహజంగా పెరిగే నేల అది. ఆ చెట్ల లోయలు, పాత రేవుల శిథిలాలు కలిపి 2000లో యునెస్కో గుర్తింపు పొందాయి. వెన్నెలదారి గారి కుటుంబం వేసవిలోనే వెళ్లక తప్పకపోతే సలాలాకు వెళ్లవచ్చు కదా?

మస్కటువాసి

వేసవిపక్షి గారు చెప్పింది నిజమే, సలాలాను నేను తక్కువ చేయడం లేదు. కాని వెన్నెలదారి గారి జాబితాలో ఉన్న చోట్లలో ఒక్కటీ అక్కడ లేదు. మస్కట్ నుంచి సలాలాకు రోడ్డుమీద సుమారు వెయ్యి కిలోమీటర్లు. దారి మధ్యలో చూడ్డానికి రాతినేల తప్ప మరేమీ లేదు. ఒకే యాత్రలో రెండింటినీ ఇరికిస్తే రెండూ చెడతాయి. సలాలా కావాలంటే జూలై, ఆగస్టు నెలల్లో నేరుగా విమానంలో సలాలాకే వెళ్లి అక్కడే ఉండిపోవాలి. కోటలు, ఇసుక ఎడారి, వాగులు కావాలంటే నవంబరు నుంచి మార్చి వరకు ఉత్తరానికి రావాలి. పైగా మే నెలలో పిల్లలకు సెలవులున్నా ఖరీఫ్ అప్పటికి మొదలవదు కాబట్టి ఆ నెలలో అటూ ఇటూ కాకుండా పోతుంది.

వైద్యమిత్ర

ఆరోగ్యం సంగతి విడిగా రాయడం మంచిదనిపించింది, ఎందుకంటే మీతో ఎండను తట్టుకోవడం కష్టమైన రెండు వయసులవారూ ఉన్నారు. చిన్నపిల్లల శరీరం బరువుతో పోల్చితే చర్మపు వైశాల్యం ఎక్కువ, అందువల్ల బయటి వేడిని త్వరగా పీల్చుకుంటుంది. ఆటలో పడితే దాహమైన సంగతి కూడా వాళ్లు చెప్పరు. పెద్దవయసులో దాహం తెలిసే శక్తే తగ్గిపోతుంది. కాబట్టి ఇద్దరి విషయంలోనూ దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోకుండా, గంట గంటకూ గుర్తుచేసి కొద్దికొద్దిగా తాగించాలి.

తీరంలో చెమట కారుతూ ఉంటుంది కనుక నీరు పోతున్నట్టు తెలుస్తుంది. లోపలి ఎడారిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టీ పుట్టగానే ఆవిరైపోతుంది, చొక్కా తడవదు. చెమట పట్టడం లేదుకదా అనుకునేవారే అక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీరు చాలడం లేదని అర్థం. ఉత్త నీళ్లే కాకుండా ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి.

తలనొప్పి, వికారం, కాళ్ల పిక్కలు పట్టేయడం, నీరసం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, బిగుతు దుస్తులు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ విసరాలి. మాట తడబడటం, పొంతనలేని జవాబులు, శరీరం కాలిపోతూ ఉండటం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. శరీర ఉష్ణోగ్రత నలభై డిగ్రీలకు చేరితే ప్రాణాపాయమే. తడిపి చల్లబరుస్తూనే 9999కు ఫోన్ చేయాలి. ఒమన్‌లో అత్యవసర సేవల నంబరు అదే. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

మామయ్యగారి ఇన్సులిన్‌ను విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి, లగేజీ అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టినా, వేడెక్కినా మందు పనిచేయదు. దాన్ని ఆగిన కారులో వదిలివెళ్లడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. బయట ఇరవై అయిదు డిగ్రీలే ఉన్నా ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో గంటలోపే నలభై దాటుతుంది. అదే కారణంగా పిల్లలను కూడా అయిదు నిమిషాలకైనా కారులో వదలవద్దు. ఎక్కువ నడిచిన రోజున చక్కెర పడిపోయే అవకాశం ఉంది కాబట్టి ఆయన జేబులో తీపి ఉండాలి. ఒమన్‌లో అడుగడుగునా ఖర్జూరం పెడతారు కాని దాన్ని లెక్కలేకుండా తినడమూ ఆయనకు మంచిది కాదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడుతున్నట్టయితే బయలుదేరే ముందు వైద్యుణ్ణి అడిగి మోతాదు గురించి తెలుసుకోండి.

ఇసుకదారి

ఎడారి బస గురించి రాస్తాను, ఎందుకంటే మీ జాబితాలో పిల్లలు జన్మంతా గుర్తుపెట్టుకునేది అదే. మస్కట్ నుంచి మూడు గంటల దూరంలో ఉన్న షర్ఖియా ఇసుక ఎడారిని పాతపేరుతో వాహిబా అని కూడా అంటారు. సుమారు 12,500 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఇసుక తిన్నెలవి, కొన్ని వంద మీటర్ల ఎత్తుంటాయి. బిదియా అనే ఊరి దగ్గర తారురోడ్డు ఆగిపోయి ఇసుక మొదలవుతుంది.

ఇసుకమీద బండి నడపడం వేరే విద్య. టైర్లలో మామూలుగా ఉండే గాలిని సగం దాకా తీసేస్తారు. గాలి తగ్గితే టైరు చదునై ఎక్కువ మేర ఇసుకను ఆనుతుంది, అందువల్ల బరువు పరుచుకొని చక్రం దిగబడదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ పట్టించాలి, లేకపోతే వేగానికి టైరు వేడెక్కి పగిలిపోతుంది. పెద్దవాళ్లు ఉన్నారు కనుక మీరు స్వయంగా నడపకుండా, బిదియాలో మీ కారు నిలిపి బసవాళ్ల బండిలో లోపలికి వెళ్లడమే మేలు. గుడారాల బసలు చాలావరకు ఆ ఏర్పాటు చేస్తాయి. దిబ్బల మీద బండిని ఎగరేసి దూకించే విన్యాసాలు అత్తయ్యగారి నడుముకు పనికిరావు, నెమ్మదిగా పోనివ్వమని ముందే చెప్పండి.

మధ్యాహ్నం నాలుగు దాటాక చేరుకునేలా చూసుకోండి. ఎండ వాలేకొద్దీ తిన్నెల మీద గాలి గీసిన అలల గీతలకు నీడ పుడుతుంది, ఇసుక రంగు పసుపు నుంచి రాగిరంగుకు మారుతుంది. ఎండలో ఉన్న ఇసుకను పిల్లలచేత అరచేత్తో తాకించి, తర్వాత జానెడు లోతు తవ్వించండి. పైన చురుక్కుమన్న ఇసుక లోపల చల్లగా తగులుతుంది. ఎడారి జీవులన్నీ పగలు భూమిలో ఎందుకు దాక్కుంటాయో ఆ ఒక్క గుంట చెబుతుంది. తెల్లవారుజామున లేస్తే రాత్రంతా ఏవేవి తిరిగాయో ఇసుకమీద రాసిపెట్టి ఉంటుంది: పేడపురుగు వేసిన సన్నని జంటగీత, బల్లి తోక ఈడ్చిన గుర్తు, నక్క అడుగులు. గాలి లేస్తే అవన్నీ చెరిగిపోతాయి కాబట్టి సూర్యోదయానికి ముందే బయటకు రావాలి.

రాత్రి చలి వేస్తుంది. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు లేకపోవడంతో పగటి వేడి అంతా నిలవకుండా పోతుంది. డిసెంబరులో అందరికీ స్వెట్టర్లు తప్పనిసరి. శాకాహారులైతే గుడారం బసవాళ్లకు ముందే తెలియజేయండి, అక్కడి విందులో మాంసానిదే పెద్దపీట.

వెన్నెలదారి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. వైద్యమిత్ర గారి మాటలు చదివాక మావారు కూడా డిసెంబరుకే ఒప్పుకున్నారు. ఇంకా రెండు సందేహాలున్నాయి. వాదీ షాబ్‌లో గుహలోని జలపాతం వరకు ఈదుతూ వెళ్లాలని చదివాను, అది మావాళ్లకు సాధ్యమా? తాబేళ్లు డిసెంబరులో కనిపిస్తాయా?

నీటిమడుగు

వాదీ షాబ్ సొగసైన చోటు, అందులో సందేహం లేదు. రోడ్డు వంతెన కింద చిన్న పడవలో వాగు దాటి, నిట్టనిలువు కొండల నడుమ ముప్పావు గంట నడిస్తే మడుగులు వస్తాయి. అక్కడి నుంచి ఈతకొడుతూ పోతే తల మాత్రమే పట్టే రాతిచీలిక గుండా గుహలోకి ప్రవేశించాలి. నడకదారిలో బండరాళ్లు, జారుడు చోట్లు ఉన్నాయి. అత్తయ్యగారికి అది పనికిరాదు, ఆరేళ్ల పాపకు చివరి భాగం ప్రమాదకరం. మీ కుటుంబానికి వాదీ బనీ ఖాలిద్ సరైనది. ఎడారికి వెళ్లే దారి నుంచి కొండల్లోకి తిరిగితే వస్తుంది, ఏడాది పొడవునా నీళ్లుంటాయి, మడుగు దాకా నడవడానికి చదునైన బాట ఉంది, పక్కనే నీడలో కూర్చునే చోటుంది. పెద్దవాళ్లు ఒడ్డున కూర్చుంటే పిల్లలు చేపపిల్లలు కాళ్లను పొడుస్తుంటే కేరింతలు కొడతారు. స్త్రీలు, పురుషులు అందరూ భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే నీళ్లలోకి దిగాలి. శుక్ర, శని వారాలు ఇక్కడి సెలవులు కాబట్టి ఆ రెండు రోజులూ వెళ్లకండి, కాలు పెట్టే సందుండదు.

సూర్ అనే పట్నానికి వెళ్లే తీరపు రోడ్డు పక్కనే బిమ్మా గొయ్యి ఉంది. సున్నపురాయి నేల లోపలి నుంచి కరిగి కూలిపోగా ఏర్పడిన పెద్ద గుంట అది, అడుగున నీలి ఆకుపచ్చ నీళ్లుంటాయి. మెట్లు దిగలేనివారు పైన చుట్టూ కట్టిన గోడ దగ్గర నుంచే చూడవచ్చు.

వాగుల విషయంలో ఒక హెచ్చరిక చేయక తప్పదు. శీతాకాలంలో వానలు పడేది ఉత్తర ఒమన్‌లోనే. మీ నెత్తిన మబ్బు తునక కూడా లేకపోయినా, ఎక్కడో కొండల్లో పడిన వాన బండరాతి నేలలో ఇంకక ఒక్కసారిగా వాగులోకి వచ్చిపడుతుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన అలాంటి వరదల్లో బడిపిల్లలు కూడా ప్రాణాలు కోల్పోయారు. వాన సూచన ఉన్న రోజు ఏ వాగుకూ వెళ్లవద్దు. రోడ్డుకు అడ్డంగా నీరు పారుతుంటే ఎంత తక్కువగా కనిపించినా బండి దించవద్దు. పారుతున్న వాగును కావాలని దాటడం ఇక్కడ చట్టరీత్యా నేరం, జైలుశిక్ష కూడా పడవచ్చు.

కడలితీరం

మీరడిగిన తాబేళ్ల తీరం రాస్ అల్ జింజ్‌లో పచ్చ తాబేళ్లు ఏడాదంతా వస్తాయి కాని జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎక్కువ, డిసెంబరులో తక్కువ. రాత్రిపూట, తెల్లవారుజామున అక్కడి సంరక్షణ కేంద్రం వాళ్లే గుంపులుగా తీరానికి తీసుకెళతారు, సొంతంగా వెళ్లనివ్వరు. ముందుగా నమోదు చేసుకోవాలి. తల్లి తాబేలు రెక్కలతో గుంట తవ్వి వంద దాకా గుడ్లుపెట్టి ఇసుక కప్పి వెళుతుంది. ఆ గుంట ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి పిల్లలు ఆడవో మగవో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి. మీ బాబుకు ఈ సంగతి చెప్పి తీసుకెళ్లండి, ఇసుకను చూసే చూపే మారుతుంది. ఫ్లాష్, టార్చి, ఫోను వెలుతురు నిషిద్ధం, ఎందుకంటే పుట్టిన పిల్లలు వెలుగువైపే నడుస్తాయి. సముద్రం మీది వెలుతురును వదిలి మన దీపం వెంట పడితే అవి బతకవు. చీకట్లో ఇసుకలో నడక తప్పదు కాబట్టి అత్తయ్యగారు కేంద్రంలోని ప్రదర్శనశాల చూస్తూ ఉండవచ్చు. డిసెంబరులో తాబేలు కనిపించని రాత్రులూ ఉంటాయని పిల్లలను ముందే సిద్ధం చేయండి.

కోటబురుజు

మీ జాబితాలో లేని ఒక్క చోటును చేర్చమని ప్రాధేయపడుతున్నాను. నిజ్వా పట్టణం అంచునే ఫలజ్ దారిస్ ఉంది. కొండ అడుగున ఊటను పట్టి, మోటారు ప్రసక్తి లేకుండా, నేల వాలు ఆధారంగానే మైళ్ల దూరం నీటిని తోటలకు నడిపించే కాలువ వ్యవస్థను ఫలజ్ అంటారు. ఒమన్‌లో దాదాపు 3,000 ఫలజ్‌లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, దారిస్ ఆ అయిదింటిలో ఒకటి. పగలు నీడగడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి ఏ తోటకు ఎంతసేపు నీరు వదలాలో నిర్ణయించేవారు. అదే నీళ్లలో ఇప్పుడు చుట్టుపక్కల పిల్లలు కాళ్లు ఆడించుకుంటూ కూర్చుంటారు. అత్తయ్యగారు కూడా మెట్లు ఎక్కకుండా హాయిగా చూడగల చోటు ఇది. ఇంతటి మండుటెండల దేశంలో పచ్చటి ఖర్జూర తోటలు ఎలా నిలిచాయన్న ప్రశ్నకు నాకు ఏ కోటలోనూ దొరకని జవాబు ఆ కాలువ గట్టు మీద దొరికింది.

జబల్ అఖ్దర్‌కు వెళ్లాలంటే కొండ కింద బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరి దగ్గర పోలీసు తనిఖీ ఉంటుంది, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండిని మాత్రమే పైకి పంపుతారు. రోడ్డు బాగుంటుంది కాని దిగేటప్పుడు వాలు తీవ్రం, బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కిపోతుంది కాబట్టి చిన్న గేరులో దిగాలి. కొండ దారి తెలిసిన డ్రైవరును మాట్లాడుకోవడం మంచిది. పైన సైక్ పీఠభూమి దాదాపు రెండువేల మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కనుక సముద్రతీరానికీ పైకీ పన్నెండు, పదమూడు డిగ్రీల తేడా ఉంటుంది. గులాబీలు వికసించేది వసంతంలో, డిసెంబరులో చలి, మెట్టమెట్టలుగా దిగిన పొలాలు మిగులుతాయి. రాత్రి బస చేయకుండా పగటిపూట వెళ్లివస్తే పెద్దవాళ్లకు సుఖం.

పెద్ద మసీదు గురించి ఎవరూ రాయలేదు. 2001లో ప్రారంభమైన ఈ సుల్తాన్ ఖాబూస్ మసీదు కట్టడానికి మూడు లక్షల టన్నుల ఇసుకరాయిని భారతదేశం నుంచే తెచ్చారు. ప్రధాన ప్రార్థనా మందిరంలోని తివాచీ ఇరాన్‌లో నేసినది, 4,343 చదరపు మీటర్ల విస్తీర్ణంలో 170 కోట్ల ముడులున్నాయి. ఇతర మతస్థులకు శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకే ప్రవేశం. స్త్రీలు తల, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండల దాకా కప్పుకోవాలి. వదులైన నూలు సల్వార్, నిండు చేతులు, ఒక చున్నీ ఉంటే ఎండకూ అదే రక్ష, మర్యాదకూ అదే సరిపోతుంది.

వెన్నెలదారి

మీ సలహాలతో ఇలా వేసుకున్నాను. గురువారం దిగి విశ్రాంతి, శుక్రవారం ఉదయం పెద్ద మసీదు, సాయంత్రం ముత్రా. శనివారం బిమ్మా మీదుగా సూర్, రాత్రి తాబేళ్లు. ఆదివారం వాదీ బనీ ఖాలిద్, సాయంత్రం ఎడారి. సోమవారం నిజ్వా చేరి సాయంత్రం ఫలజ్, మంగళవారం ఉదయం కోట, బుధవారం జబల్ అఖ్దర్, గురువారం మస్కట్‌కు తిరుగు ప్రయాణం. వాదీ షాబ్‌ను వదిలేశాం. కారును మావారే నడుపుతారు, కొండకు, ఎడారికి మాత్రం డ్రైవరుతో బండి మాట్లాడుకుంటాం. ఇందులో లోపాలుంటే చెప్పండి.

మస్కటువాసి

పద్ధతి బాగుంది కాని వారాలు ఎదురుతిరిగాయి. శుక్రవారం మసీదులోకి మిమ్మల్ని రానివ్వరు. వీలైతే శనివారం దిగేలా టిక్కెట్టు మార్చుకోండి. అప్పుడు ఆదివారం ఉదయం మసీదు, సాయంత్రం ముత్రా. సోమవారం సూర్, మంగళవారం వాగు, ఎడారి. ఆ రోజున వాదీ బనీ ఖాలిద్‌లో జనం కూడా పలచగా ఉంటారు. బుధవారం నిజ్వా చేరి ఫలజ్ చూసి, గురువారం కొండకు వెళ్లిరండి. శుక్రవారం తెల్లవారగానే నిజ్వాలో మేకల సంత జరుగుతుంది, వారానికి ఆ ఒక్కరోజే. మధ్యలో కొనేవాళ్లు, గుండ్రంగా చుట్టూ మేకలను నడిపిస్తూ ధర అరిచే అమ్మేవాళ్లు, మీ పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. ఎండ ముదరకముందే ముగిసిపోతుంది. కోట ఆ పక్కనే ఉంటుంది కనుక సంత కాగానే తెరిచే వేళ చూసుకొని బురుజు ఎక్కి, మధ్యాహ్నానికి మస్కట్ దారి పట్టవచ్చు.

మీవారికి రెండు మాటలు: ఇక్కడ బండి రోడ్డుకు కుడివైపున నడపాలి, వేగం పట్టే కెమెరాలు రహదారి పొడవునా ఉంటాయి. సూర్ నుంచి ఎడారి వైపు వెళ్లే దారిలో ఒంటెలు రోడ్డు మీదకు వస్తాయి. వాటి కాళ్లు పొడవు కాబట్టి గుద్దితే శరీరం నేరుగా అద్దం మీద పడుతుంది. తాబేళ్ల తీరం దగ్గరే రాత్రి బస తీసుకొని, చీకట్లో కారు తీయకుండా ఉండేలా చూసుకోండి.